గోలు వెనక ఆరేసిన వల

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. మా ఇంట్లో పిల్లి ఎలుకను పట్టినా, నా నోట్లోంచి బయటపడేసరికి అది చిరుతపులి దుప్పిని పట్టడం అవుతుంది. నా మాటల్లో రూపాయికి పావలా వంతే నమ్మాలని మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పిపెట్టింది. మీరూ అలాగే కానివ్వండి. శుద్ధ అబద్ధం ఎక్కడ ఆడానో చివర్లో నేనే చెబుతాను.

యాభైల్లో నేను ప్రాణహిత ఒడ్డున సిరొంచలో హైస్కూలు చదివేటప్పుడు మా ఫుట్‌బాల్ జట్టు ఆస్తి ఒక బంతి, ఒక జత బూట్లు, ఒక డ్రిల్లు మాస్టరు. బంతి లోపలి బ్లాడరుకు సైకిల్ షాపాయన అతుకు మీద అతుకు వేసీ వేసీ, అందులో అసలు రబ్బరు ఏదో ఆయనకే గుర్తులేదు. తంతే అది వెంటనే కదిలేది కాదు. కాసేపు ఆలోచించుకుని, తనకు నచ్చిన వైపు వెళ్లేది. బూట్లు అడవి ఆఫీసరొకాయన బదిలీ అయిపోతూ వదిలేసినవి. ఒక్కోదాంట్లో కుందేళ్లు కాపురం పెట్టొచ్చు. మేకులు దిగ్గొట్టిన ఆ కుడి బూటు నాకు, ఎడమది ఎడమ పక్క ఆడేవాడికి. మిగతా జట్టంతా ఉత్తకాళ్లే.

కొత్త బంతి అడిగితే హెడ్మాస్టరు, "నా జీతమే నెల తప్పి నెల వస్తది, బంతి నేనేడికెళ్లి తేవాలెరా?" అనేవారు. ఇంట్లో గంజి తాగి వచ్చినవాడు ముందు వరసలో ఉరకాలి, తాగనివాడు వెనక వరసలో నిలబడాలి. డ్రిల్లు మాస్టరు వ్యూహమంతా అదే. కొన్ని రోజులు ముందు వరస ఖాళీగా ఉండేది.

గోలుకు వెదురు కర్రలు పాతాం గానీ వల ఎక్కడిది? మేం గోలు వేసినప్పుడల్లా బయటి జట్లు బంతి కర్రల పక్కనుంచి పోయిందని దబాయించేవి. దానికి ఉపాయం చెప్పింది మా గోల్‌కీపరే. ప్రాణహితలో చేపలు పట్టి బతికే ఇంటి పిల్లవాడు. వంగకుండానే మోకాళ్లు గోక్కునేంత పొడుగు చేతులు. వాళ్ల నాయన వారానికోసారి వలను ఏటి ఒడ్డున గడ్డ మీద ఎండకు ఆరేసేవాడు.

"గడ్డ మీద ఆరే వల మన కర్రల మీద ఆరితె ఏమైతది? మా నాయన్నడుగుత," అన్నాడు.

నాయన ఒప్పుకున్నాడు గానీ, వేలు చూపించి మరీ చెప్పాడు. "పొద్దుగూకకముందె వల నా వాకిట్ల వడాలె. ఒక్క పోగు తెగినా మంచిగుండదు."

రెండు వానాకాలాలు ఇంటిల్లిపాదీ కూర్చుని అల్లిన నూలు వల అది. వాళ్లకు ఇంకో వల లేదు.

అప్పట్నుంచి వల ఆరే రోజే మా ఆట రోజు. మేం వేసే గోల్స్‌కు సాక్ష్యం కావాలి గనుక దాన్ని ఎప్పుడూ అవతలి జట్టు గోలుకే కట్టేవాళ్లం. సగం ఆటయ్యాక వైపులు మారితే వలా మారేది. దాన్ని మా గోల్‌కీపరు ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాడు కాదు. నిద్రపోతున్న బిడ్డలా భుజాన వేసుకుని ఈ చివర నుంచి ఆ చివరకు మోసుకెళ్లేవాడు. చేపల వాసనకు గద్దలు గుంపులుగా వచ్చి గోలు మీద గిరికీలు కొట్టేవి. అవతలి గోల్‌కీపరు బంతి కంటే ఆకాశాన్నే ఎక్కువ చూసేవాడు. మా గెలుపుల్లో సగం ఆ గద్దలవే.

ఆ చలికాలం మా జిల్లా కేంద్రం చాందాలో జిల్లా పోటీలు పెట్టారు. అహేరి జట్టును ఓడిస్తే అక్కడికి పోయేది మేమే. అక్కడ బాగా ఆడినవాణ్ని బొగ్గు గనివాళ్లు కొలువులో పెట్టుకుంటారని డ్రిల్లు మాస్టరు ఎక్కడో విని వచ్చి చెప్పారు. ఆ మాట విన్నాక మా గోల్‌కీపరు నేల మీద నిలబడలేదు. బంతి లేకపోయినా ఎగిరి పట్టేవాడు. బడి గంట మోగినా ఎగిరేవాడు.

"కొలువు దొరికితె మా నాయన్ను ఇగ నీళ్లల్ల దిగనియ్య," అనేవాడు. నాయనకు దగ్గు. నడుములోతు నీళ్లలో నిలబడి దగ్గితే అవతలి ఒడ్డుకు వినిపించేది. ఇది కోత కాదు.

అహేరితో ఆట రోజున పక్క ఊరు అంకిస నుంచి కూడా జనం బండ్లు కట్టుకుని వచ్చారు. పొద్దు వాలేదాకా ఎవరికీ గోలు పడలేదు. చివర్లో బంతి నా కాళ్ల ముందుకొచ్చింది. కళ్లు మూసుకుని తన్నాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ బంతి తిన్నగా పోయి వలలో పడింది.

మొదట వల మీదకు దూకింది నేనే. నా మీద జట్టు, జట్టు మీద బడి, బడి మీద ఊరు. అందరం వలలో చుట్టుకుని దొర్లాం. అటు చివర నుంచి గోల్‌కీపరు రెండు చేతులూ పైకెత్తి అరుస్తూ వస్తున్నాడు. ఆనందం పట్టలేక ఉరికొస్తున్నాడనుకున్నాం. అతన్నీ గుంపులోకి లాగాం.

"లేవుండ్రిరా! అరేయ్, దండం బెడ్త, లేవుండ్రి!"

మేం లేచేసరికి వల మధ్యలో మనిషి దూరేంత కంత పడింది. నా కుడి బూటు మేకులకు నూలు పోగులు వేలాడుతున్నాయి.

ఇచ్చిన మాట ప్రకారం పొద్దుగూకకముందే తీసుకెళ్లాం. నాయన వలను వాకిట్లో పరిచి, కంత చుట్టూ ఒకసారి నడిచాడు.

"జర ఓపిక పట్టు భాయ్, మేం కుట్టిపిస్తం," అన్నారు డ్రిల్లు మాస్టరు.

"మీరు కుడితె గోనెసంచైతది సారూ, వల గాదు." చాలాసేపు దగ్గాడు. "చాపలు సుత చింపుతయ్. పానం కోసం చింపుతయ్, నేనేమనుకోను. వీళ్లెందుకు చింపిండ్రు?"

నేను బూటు విప్పి వెనక దాచుకున్నాను.

నీళ్లు తేటపడి చేపలు బాగా దొరికే రోజులవి. తండ్రీకొడుకులు పగలంతా కూర్చుని అల్లితే తప్ప వల మళ్లీ నీళ్లలో పడదు. చాందా ప్రయాణం నాటికి కంత సగం కూడా పూడలేదు.

మేం దుంగల లారీ ఎక్కిన పొద్దున గోల్‌కీపరు వచ్చాడు. ఎండుచేపల మూట నా చేతిలో పెట్టి నవ్వాడు. "నా జాగల నువ్వు నిలవడుతున్నవట గదా. బంతి కాడికి ఉరుకకు బే, అదే నీ కాడికొస్తది," అన్నాడు. లారీ కదిలాక ఆ పొడుగు చేతులు చాలాదూరం ఊపాడు.

చాందాలో మాకు నలభై గోల్స్ పడ్డాయి. సరే, తొమ్మిది. మేం తిరిగొచ్చాక గోల్‌కీపరు బడికి రాలేదు, ఆ ఏడే కాదు, ఆ తర్వాత కూడా. వెదురు కర్రలను ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారు.

ఇక అబద్ధం సంగతి. కుందేళ్లు, గద్దలు, మోకాళ్ల దాకా చేతులు, ఇవన్నీ నిజాన్ని కాస్త సాగదీసినవే. పూర్తిగా కల్పించింది ఒక్కటే. ఆ పొద్దున గోల్‌కీపరు లారీ దగ్గరకు రాలేదు. మూట లేదు, నవ్వు లేదు, చేతులు ఊపడం లేదు. లారీ వాళ్ల వాడ మీదుగానే పోయింది. వాకిట్లో వలను మోకాళ్ల మీద పరుచుకుని, తల వంచుకుని అల్లుతున్నాడు. లారీ చప్పుడుకు తలెత్తాడు. నేను దుంగల వెనక్కి వంగి కూర్చున్నాను.