మైకులో ఉపసంహరణ

నాలాంటి తెలివితక్కువవాడు మా వీరులపాడు మండలంలో ఇంకొకడుంటే చెప్పండి, సొంత ఖర్చుతో శాలువా కప్పుతా. ఎన్నికల్లో ఓడిపోయినవాళ్ళని మీరు చాలామందిని చూసుంటారు. పోటీ నుంచి తప్పుకోవడంలో ఓడిపోయినవాణ్ణి చూడాలంటే మాత్రం నా దగ్గరికే రావాలి.

మా ప్రభుదాసు బావ సర్పంచి పదవికి నామినేషన్ వేస్తూ నాచేత కూడా ఒకటి వేయించాడు. తన కాగితాల్లో ఏ తప్పో దొర్లి కొట్టేస్తే ఇంట్లోంచి ఇంకొకడు మిగలాలి కదా. దీన్ని డమ్మీ అంటారు. బావ కాగితాలు నిలబడగానే డమ్మీ తన నామినేషన్ ఉపసంహరించుకోవాలి. అంతే, తోడుపెళ్ళికొడుకు చేసేపాటి పని.

కానీ నందిగామలో నాకో ఫ్లెక్సీల షాపుంది. జనం "కేండిడేట్ గారూ" అని పిలవడం మొదలెట్టాక, తప్పుకోవడం కూడా దర్జాగా ఉండాలనిపించింది. ఉపసంహరణకి ఆఖరి రోజు చర్చి పక్కన పందిరి వేయించి, "త్యాగమూర్తి అబ్రహాం" అని నా ఫ్లెక్సీ నేనే కొట్టి, నేనే కట్టా. మైకు పట్టుకుని ఉపసంహరణ అన్న మాటకి అర్థం కూడా చెప్పా. "వెనక్కి తగ్గడం వేరు, ఉపసంహరణ వేరండి. వేసిన బాణాన్ని వేసినవాడే వెనక్కి పిలవడం ఉపసంహరణ. ఇదిగో, పిలుస్తున్నా." చప్పట్లు పడ్డాయి. చప్పట్లు పడ్డాక ఎవడాపుతాడు? ఇంకా మాట్లాడా.

మా అక్క, అంటే బావ భార్య, పందిట్లోకి వచ్చి నెమ్మదిగా అడిగింది. "సంతకం పెట్టొచ్చావా?"

"ఊరందరి ముందూ చెప్పాగా అక్కా."

అక్క మొహం చూశాక బండి తీశా. గడువు మూడింటిదాకే. ఆఫీసేమో హైవేకి అవతల. ముక్త్యాల సిమెంటు లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతున్నాయి, దారివ్వవు. నేను చేరేసరికి అధికారిగారు అభ్యర్థుల జాబితా గోడకి అంటిస్తున్నారు.

"మైకులో తప్పుకున్నానండి. కావాలంటే వీడియో ఉంది."

"కాగితం మీద తప్పుకోవాలండి, మీరే వచ్చి, మూడులోపు. ఇప్పుడు మీరు తప్పుకోలేరు, నేను తప్పించలేను."

అసలు ఉపద్రవం అప్పటికింకా నాకు తెలీదు. పేర్ల అక్షర క్రమంలో గుర్తులిస్తారు. నేను లేకపోతే బావే మొదటివాడు, మొదటి గుర్తు ఉంగరం. ఆ ధీమాతో బావ జగ్గయ్యపేటలో ఉంగరం కరపత్రాలు ముందే కొట్టించి ఇంటింటికీ పంచేశాడు. ఇప్పుడు ఆ ఉంగరం నా వేలికి తగులుకుంది. బావకి కత్తెరొచ్చింది. ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా బావ ఫొటో, కింద నా గుర్తు.

అక్కణ్ణించి నాకు నిద్రుంటే ఒట్టు. గడపగడపకీ తిరిగి నాకు ఓటెయ్యొద్దని నేనే దణ్ణాలు పెట్టా. మా వీధి చివర మరియమ్మత్త, నువ్వంత చెడ్డోడివా అని ఆరా తీసింది. కాదత్తా, మంచోణ్ణేనన్నా. "మరెందుకెయ్యొద్దు?" అంది. బావ గుర్తు కత్తెర చూపించి వచ్చేశా. అవతలి అభ్యర్థి మాత్రం నేను కనిపిస్తే చాలు, టీ ఇప్పించేవాడు.

పోలింగ్ రోజు క్యూలో బావ అందరికీ వినబడేలా, "మా బామ్మర్దికి తప్ప ఎవరికేసినా నాకు బాధ లేదు" అన్నాడు. క్యూ అంతా నవ్వింది. నేనూ నవ్వా, కొంచెం ఆలస్యంగా.

లెక్కింపు బళ్ళో. ఉంగరం ఓటు బయటపడినప్పుడల్లా అక్క నావంక చూసేది. బావ ఓడితే ఆ ఇంటి గుమ్మం నాకు మూసుకుపోయినట్టే. చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది. చివరికి బావ గట్టెక్కాడు, బొటాబొటిగా. నాకు పడ్డ ఓట్లు, ఉంగరానికి తగ్గట్టే, వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

అక్కడే గంభీరంగా ఒట్టేసుకున్నా. ఇకమీదట దేంట్లోనూ పేరివ్వను, చివరికి క్రికెట్ టీములో కూడా. మైకు కనబడితే దణ్ణం పెట్టి పక్కసందులోంచి పోతా.

బావ మాత్రం సర్పంచయ్యాక కూడా ఆ ఓట్ల కూపీ లాగడం మానలేదు. మరియమ్మత్త కళ్ళజోడు మర్చిపోయిందట. ఇద్దరన్నదమ్ములు పాత కరపత్రం చూసుకుని గుద్దారట. అలా అన్నిటికీ మనుషులు దొరికారు, ఒక్కదానికి తప్ప. ఇప్పటికీ భోజనానికి వెళ్తే అడుగుతాడు.

"ఒరేయ్, ఆ మిగిలిన ఒక్కటీ ఎవడేసుంటాడంటావ్?"

"ఎవడో బాగా మండినోడై ఉంటాడు బావా" అంటా, పప్పులో నెయ్యి కలుపుకుంటూ. ఆ రోజు క్యూలోంచి నేరుగా లోపలికెళ్ళి ఉంగరం మీద ముద్ర గుద్దింది నేనేనని మీక్కాక ఇంకెవరికీ చెప్పలేదు.