వెనక సాలు జవాబు

యేసుమణి సొంతంగా పాటలు కడుతుంది. అవి బాగానే ఉంటాయని అందరూ అంటారు, అని వెంటనే వేరే పాట అడుగుతారు. మార్కాపురంలో ఆమెకున్న పేరంతా ఎవరో రాసినవాటిని తన గొంతులో మళ్ళీ పుట్టించడం వల్ల వచ్చింది. ఏ పత్రికలోనో పడిన ఎండిపోయిన బోరు మీది కవితో, పలకల గనిలో పనిచేసిన పెద్దాయనెవరో చెప్పుకున్న నాలుగు చరణాలో ఆమె చేతికి చిక్కాయంటే వారం పాటు ఇంట్లో అవే. జాకెట్లు కుడుతూ గొణుక్కుంటుంది, పప్పు ఎనుపుతూ గొణుక్కుంటుంది. భర్త కరుణాకరం ఆటో తోలి ఇంటికొచ్చి, చర్చిలో వాయించే ఢోలక్ ముందు పెట్టుకుని, "ఈ దినం ఏడుపా, నవ్వా?" అని అడుగుతాడు. దరువు దాన్నిబట్టి ఉంటుంది మరి.

ఒక్క విషయంలో మాత్రం ఆమె మహా మొండి. రాసినవాళ్ళను అడగకుండా ముక్క కూడా పాడదు. ఎక్కడెక్కడో వాకబు చేసి ఫోన్ నంబరు సంపాదించి, "అయ్యా, మీ కవితలో చివరి మాట ముందుకు తెచ్చి పాడుకుంటా, మీకేం కష్టం లేదు గదా?" అని అడుగుతుంది. కొందరు మురిసిపోతారు, కొందరు విసుక్కుంటారు. ఒకాయన కుదరదన్నాడని, అప్పటికే కట్టుకున్న బాణీని అట్లాగే వదిలేసింది. ఆ బాణీ మీద కరుణాకరానికి ఇప్పటికీ బెంగ.

అంత పట్టింపు గల మనిషి ఎవరినీ అడక్కుండా పాడిన పాట ఒకటే ఉంది. అది వాళ్ళమ్మ హన్నా పాట. అమ్మ పాటకు ఎవరి అనుమతి కావాలి?

హన్నాది యర్రగొండపాలెం దగ్గర చిన్న పల్లె. ఊళ్ళో రైతుల మిరప తోటలకు కాయ కోతలకు పోయే ఆడవాళ్ళ ముఠాలో ఆమె గొంతే పెద్దది. ఇంట్లో అంట్లు తోముతూ కూడా కోతల పాటలే పాడేది. వాటిలో యేసుమణికి పట్టుబడ్డవి ఇవే:

ముందు సాలు మునగపువ్వు, ఎనక సాలు ఎండుటాకు,
ఎండుటాకు ఏడనుంది? మల్లీ, నువ్వేడనున్నావ్?
పొద్దు గట్టు దాటిపోయె, కొంగలన్నీ గూటికేగె,
ఒంటరిగా తోటలోన మల్లీ, ఏం జేస్తున్నావ్?

హన్నా ఈ పాటను గబగబా, గిన్నె మీద గిన్నె బోర్లించినంత హుషారుగా పాడేది. రెండేళ్ళ కిందట ఆమె పోయినప్పుడు, ఇంటి ముందు పెట్టిన ఆదరణ కూటంలో యేసుమణిని ఒక పాట పాడమన్నారు. చర్చి పాట ఏదీ గొంతులోంచి రాలేదు. ఇది వచ్చింది, అదీ నెమ్మదిగా. ప్రతి పాదాన్నీ సాగదీసి, 'మల్లీ' అన్నచోట ఊపిరి ఆపి, పోయినవాళ్ళను పిలిచినట్టు పిలిచింది. కూర్చున్నవాళ్ళంతా కొంగులు కళ్ళకు ఒత్తుకున్నారు. ఎవరో ఫోన్లో పట్టారు. అది దర్శి దాకా పోయింది, ఇంకా ఎక్కడెక్కడికో పోయింది. తర్వాత ఏ సభకు పిలిచినా చివర్లో 'ఆ మల్లి పాట' అనేవాళ్ళు.

అడిగితే ఆమెకూ సంతోషమే. హన్నా గొంతును బతికుండగా ఎవరూ రికార్డు చేయలేదు. ఉన్న ఒకటీ అరా ఫొటోల్లో కళ్ళు మూసుకుని ఉంటుంది. యేసుమణికి అమ్మ నుంచి మిగిలిన ఆస్తి ఆ నాలుగు పాదాలే, వాటిని పాడుతున్నంతసేపూ ఆమెకు తల్లి ఉంది.

గిద్దలూరులో ఆదివారం కార్యక్రమం ఒప్పుకున్న వారంలోనే ఫోన్ వచ్చింది.

"అక్కా, నా పేరు రజిని, గిద్దలూరు. నువ్వు పాడతావే, ఆ మల్లి మా అమ్మ."

యేసుమణికి ముందు అర్థం కాలేదు. పాటలో పేరు పాట కోసమే ఉంటుందని అనుకుంది ఇన్నాళ్ళూ.

"బతికే ఉంది అక్కా. నా ఫోన్లో నీ పాట వినింది. అప్పట్నుంచి ముభావంగా ఉంది. ఆదివారం లోపల ఒకసారి వచ్చిపొమ్మంటా ఉంది."

"కోపంగా ఉందా?"

"నన్ను గిన్నె ముట్టనీకుండా అన్నీ తనే తోముతా ఉంది. దాన్ని కోపమంటారో ఏమంటారో నాకు తెలీదు."

ఫోన్ పెట్టేశాక యేసుమణి పాటను మొదటిసారి పరాయిదానిలా తలుచుకుంది. ఎండుటాకట. అందరూ ఇళ్ళకు పోయినా పని తెమలనిదట. బతికున్న ఆడమనిషిని పేరు పెట్టి ఎగతాళి చేసి, దాన్ని తాను ఊరూరా మోసింది. తన తల్లికి అంత నోరుందా అన్న అనుమానం ఒకటి. ఆమె పాడొద్దంటే, తన పద్ధతి ప్రకారం ఇక పాడకూడదు కదా అన్న భయం మరొకటి. రెండోదే ఎక్కువగా పీకింది, అందుకు సిగ్గు కూడా వేసింది.

"పాటలో మనిషి ఫోన్ చేపిస్తుందని ఎవురనుకుంటారు?" అన్నాడు కరుణాకరం. అది ఓదార్పు అనుకున్నాడు పాపం. మర్నాడు ఇద్దరూ బస్సెక్కారు.

మల్లి వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. బక్కపల్చటి మనిషి. వచ్చినవాళ్ళకు నీళ్ళిప్పించి, యేసుమణి మొహం తేరిపార చూసి, "హన్నక్క ముక్కే," అంది. తర్వాత, "పాడు," అంది.

ఇంత కష్టంగా ఆమె ఎప్పుడూ పాడలేదు. తనకు అలవాటైన తీరులోనే, నెమ్మదిగా పాడింది. పాట అయిపోయినా మల్లి ఇంకా వింటున్నట్టే కూర్చుంది.

"అయిపాయనా?"

"నాకు తెలిసింది అంతే చిన్నమ్మా. తప్పుంటే క్షమించు. వద్దంటే మళ్ళీ పాడను."

"పాడినందుకు కాదు మే నాకు బాధ. నాకు జవాబు ఇయ్యకుండా ముగిస్తివే, దానికి. నన్నట్లే తోటలో వదిలేసి ఊళ్ళన్నీ తిరిగినావు. మీ అమ్మ నన్ను ఒక్క దినం గూడా అట్ల వదిలిపెట్టలేదు."

అప్పుడు చెప్పింది మల్లి. దాన్ని సాలు పాట అంటారు. కోతల్లో తలా ఒక సాలు, అంటే ఒక చెట్ల వరస, పట్టుకుంటారు; ముందున్నామె వెనకబడ్డామె మీద పాట ఎత్తుతుంది. ముందువాళ్ళు గట్టు చేరేలోగా వెనకామె జవాబు ఇవ్వాలి. జవాబుకు తోటంతా నవ్విందా, పాట ఎత్తినామె ఓడినట్టే. ఓడినామె వెనక్కి వచ్చి, ఆ వెనకబడ్డ సాలు పూర్తయ్యేదాకా కలిసి కోయాలి. జవాబు రాకపోతే వెనకామె అందరికీ నీళ్ళు మోయాలి. ముందు సాలు వాళ్ళ ఇళ్ళల్లో ముందు పాటే మిగులుతుంది, జవాబు వెనక సాలు వాళ్ళ దగ్గర ఉండిపోతుంది. హన్నా ఇంట్లో తన సగమే పాడుకుంది.

మల్లి చింతపండు చేతులు దులుపుకుంది. తొడ మీద దరువేస్తూ ఎత్తుకుంది, గబగబా, ఆ పాత హుషారులోనే:

ముందు పోయిన ముద్దులమ్మా, ఆకు కింద సూడవైతివి,
పండు కాయ కొమ్మనుంటే, హన్నా, ఎవరికుంచితివి?
నువ్వు ఇడిసిన కాయలన్నీ నేను ఏరుకొస్తన్నా,
ఎనక్కి తిరిగి సూడు తల్లీ, నీ పనే నే జేస్తన్నా.

కరుణాకరం పకపకా నవ్వాడు. వంటింట్లోంచి రజిని చేతిలో గరిటెతో వచ్చి గడపలో నిలబడింది. వాళ్ళమ్మ పాడుతుందని ఆమెకే తెలియదు. యేసుమణికి గుండెల మీంచి ఒక బరువు దిగింది. అమ్మను ఎవరో ఇంత చక్కగా దెప్పారంటే, అమ్మ ఎగతాళి కూడా ఆటలో ఎగతాళే, గాయం కాదు.

"భలే కట్టినావు చిన్నమ్మా జవాబు."

"నేనా?" మల్లి తల అడ్డంగా ఆడించింది. "నాకు పాట కట్టేది యాడ వచ్చు మే? ఈ రజిని అప్పుడు నెలల బిడ్డ. గట్టు మీద వేపచెట్టుకు ఉయ్యాల. ఏడ్చినప్పుడల్లా పాలియ్యను లేస్తా ఉంటి, సాలు ఎనకబడిపోయేది. రేపట్నుంచి నువ్వు రావద్దన్యాడు ముఠా మేస్త్రి. ఒకరి సాలు ఇంకొకరు కోస్తే ఇద్దర్నీ మాన్పిస్తానన్యాడు. సాలు పాటలో ఓడిపోయి వచ్చినామెను మాత్రం ఏమీ అనేటోడు కాదు, అది తోటలో కట్టుబాటు. మీ అమ్మ నీళ్ళ బిందె కాడ నా చెయ్యి పట్టుకోని, ఈ జవాబు నా చెవిలో చెప్పింది. తనను తిట్టే పాట తనే కట్టి, నా చేత పాడించి, ఓడిపోయి ఎనక్కొచ్చింది. ఆ కోతలు అయిపోయేదాకా రోజూ ఓడిపోయింది. రోజూ అదే జవాబు. అయినా అందరూ నవ్వేటోళ్ళు."

యేసుమణి ఏడ్చింది, దాచుకోకుండా. అమ్మ పోయినప్పటి ఏడుపు కాదిది, ఊపిరి ఆడుతున్న ఏడుపు. అమ్మ మంచి మనిషని ఆమెకు తెలుసు. ఎంత తెలివిగా మంచిదో ఇప్పుడు తెలిసింది. నాలుగు పాదాలే అనుకున్న ఆస్తి ఎనిమిది పాదాలైంది, కొత్తవాటిలో అమ్మ తన పేరు తానే పెట్టుకుని ఉంది.

"ఆదివారం పాడుకోనా చిన్నమ్మా?"

"పాడు. మెల్లగానే పాడుకో, నీ దుఃఖం నీది. నన్ను మాత్రం తోటలో ఇడిసిపెట్టి రాబాక."

"మరి జవాబు నువ్వు చెప్పు."

"అంతమందిలోనా? బాగుందిలే," అని మల్లి మళ్ళీ చింతపండు మీదికి వంగింది. ఔననలేదు, కాదనలేదు.

ఆదివారం హాలు నిండింది. యేసుమణి బోరు కవిత పాడింది, గని పాట పాడింది, సొంత పాట కూడా ఒకటి పాడింది. ఎప్పటిలాగే చివర్లో మల్లి పాట అడిగారు. మెల్లగా ఎత్తుకుంది. 'మల్లీ, ఏం జేస్తున్నావ్' దగ్గర ఆపేసి, మైకు పట్టుకుని నిలబడిపోయింది. జనం చప్పట్లకు చేతులెత్తి, పాట అయిందో లేదో తెలియక దించారు. ఢోలక్ మీద చెయ్యి పెట్టుకుని కరుణాకరం భార్య వైపు చూశాడు. ఏడుపో నవ్వో ఆమె సైగ చేయలేదు.

వెనక వరస కుర్చీల్లోంచి, మైకు లేకుండా, ఒక సన్నటి గొంతు లేచింది. 'ముందు పోయిన ముద్దులమ్మా.' మొదటి పాదం వణికింది. రెండోదానికి ఢోలక్ అందుకుంది. 'హన్నా, ఎవరికుంచితివి' అనేసరికి ముందు ఆడవాళ్ళు నవ్వారు, తర్వాత హాలంతా నవ్వింది. మల్లి లేచి నిలబడే ముగించింది.

అందరూ నవ్వారు గనుక యేసుమణి ఓడిపోయినట్టు లెక్క. మైకు స్టాండుకు తగిలించి, వేదిక దిగి, చప్పట్ల మధ్యనుంచి వెనక వరస దాకా నడిచింది. మల్లి పక్కకు జరిగి కుర్చీ ఇచ్చింది.

"ఇంతసేపా మే రావడం? మీ అమ్మయితే ఈపాటికి నా సాలు సగం కోసేసుండేది."