అరవై ఒకటో పన్ను

రెండేళ్ల క్రితం మార్చిలో, న్యూజెర్సీలోని మా పార్సిప్పనీ ఆఫీసులో నన్ను ఒక పాత పిండిమిల్లు పునరుద్ధరణ ప్రాజెక్టులో వేశారు. నా హోదా సీనియర్ డిజైన్ ఇంజనీర్. లీడ్ మాత్రం కిరణ్. అతనికి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ నేర్పింది నేనే. పని పూర్తయ్యాక మిల్లు చక్రం పక్కన బిగించే ఇత్తడి పలక మీద లీడ్ పేరొక్కటే ఉంటుంది. ఆ పలక మీద నా పేరు ఉండాలనుకున్నాను.

ఆ మిల్లు యంత్రాలను చేసింది, విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండు నుంచి వచ్చి న్యూజెర్సీలో భాగస్వాములైన ఇద్దరు. ఒకాయన మిల్‌రైట్, అంటే మిల్లు చక్రాలు, ఇరుసులు స్వయంగా చేసి బిగించేవాడు. రెండో ఆయన ఇంజనీరు. లెక్కలు కట్టి, ఊళ్లు తిరిగి ఆర్డర్లు తెచ్చేవాడు. సంస్థ పేరులో ఇంజనీరు పేరే ముందు. ఆ వరస మీదే గొడవపడి విడిపోయారు. తర్వాత మిల్‌రైట్‌కు ఆర్డర్లు రాలేదు, ఇంజనీరు చక్రాలు నిలవలేదు. ప్రాజెక్టు కోసం ఆ పాత సంస్థ చరిత్ర రాసే పని నాకిచ్చారు. మిల్‌రైట్ గురించి రెండు పేజీలు ఎక్కువే రాశాను.

మిల్లులో విరిగిన పెద్ద పళ్లచక్రాన్ని కొత్తగా పోత పోయించాలి. పాతదానికి అరవై ఒక్క పళ్లు, దాన్ని తిప్పే చిన్న చక్రానికి ఇరవై. రివ్యూలో కిరణ్ చూపించిన డ్రాయింగ్‌లో అరవయ్యే ఉన్నాయి.

“అరవై ఒకటేంటన్నా, కాస్టింగ్ మిస్టేక్ అయ్యుంటది. రేషియో నీట్‌గా మూడు వస్తదని ఒకటి లేపేసిన,” అన్నాడు.

నేను నోరు మెదపకపోతే కిరణ్ ఎలాగూ క్లయింటు తనిఖీలో దొరికిపోతాడు. కానీ అందరి ముందూ నేనే పట్టుకోవడం ఇంకా రుచిగా తోచింది.

“లేపకు. అది హంటింగ్ టూత్, కావాలనే పెట్టారు,” అన్నాను. అరవై అయితే చిన్న చక్రంలోని ఒక్కో పన్ను ఎప్పుడూ అవే మూడు పళ్లను ఒరుసుకుంటుంది. ఒక పన్ను లోపం దాని జోడీలనే తినేస్తుంది. ఒకటి ఎక్కువుంటే ప్రతి పన్నూ వంతులవారీగా అన్నిటినీ కలుస్తుంది. చక్రమంతా సమానంగా అరుగుతుంది.

కిరణ్ పగలబడి నవ్వాడు. “మా అన్న ఉండగా మనకు గూగుల్ ఎందుకు సార్!”

మేనేజర్ ప్రసాద్ గారూ నవ్వారు. “గుడ్ క్యాచ్. కిరణ్, క్లయింట్ ప్రెజెంటేషన్‌లో ఈ స్టోరీ నువ్వు చెప్పవయ్యా, నువ్వైతే బాగా చెప్తావ్.”

బాగానే చెప్పాడు. చప్పట్లు కొట్టారు. పలక మీద అతని పేరే పడింది.

ఆ ఏడాది చివర్లో ఆ వృత్తి వదిలేశాను. చక్రం ఇప్పటికీ సాఫీగా తిరుగుతోందట. దాని గురించి నాకు కచ్చితంగా తెలిసింది ఒక్కటే: అరవై ఒక్క పళ్లలో ఆ అదనపు పన్ను ఏదో ఎవరూ వేలు పెట్టి చూపించలేరు.