నీళ్ల మీద అనని మాట

శామీర్‌పేటలో నది లేదు. ఉన్నది చెరువు. చెరువులోకి ఒక వాగు వస్తుంది, అదీ వానాకాలంలోనే. అయినా నగరం నుంచి షికారుకు వచ్చేవాళ్లు దాన్ని దరియా అనేవారు, అంటే నది అని. ఇది దరియా కాదు సాబ్, తాలాబ్ అని మొదట్లో చెప్పి చూశాను. సరే సరే అని తలూపేవారు, పడవెక్కి కూర్చోగానే మళ్లీ దరియా అనేవారు. కొన్నాళ్లకు నేనే చెప్పడం మానేశాను. ఎడ్లబండి కిరాయి ఇచ్చి అంత దూరం వచ్చినవాళ్లు నది అంటే నదే.

ఆ పడవ మాది కాదు, నగరంలో ఉండే ఒక జాగీర్దారుది. ఏదో మోజులో తెరచాప పడవ చేయించి మా చెరువులో వేయించాడు. మోజు తీరాక ఒక్కో పూటకు ఒక్కో కుటుంబానికి కిరాయికి ఇవ్వమన్నాడు. దాన్ని నడిపేది మా మామ, నా భార్య తండ్రి. నాది మేడ్చల్. ఇల్లరికం అల్లుడిగా శామీర్‌పేట చేరినవాణ్ణి కనుక పొలం పనితో పాటు పడవ పనీ నా మెడకు చుట్టుకుంది. యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క మోటార్లున్నవాళ్లు కూడా రైల్లో మేడ్చల్ దాకా వచ్చేవారు. అక్కడినుంచి గూడు బండిలో వాళ్లను చెరువుకట్టకు తేవాలి, పడవలో తెడ్డు వేయాలి, సాయంత్రం మళ్లీ స్టేషన్లో దింపాలి. బండిలో ఉన్నంతసేపూ ఎడ్లు నత్తనడక నడుస్తున్నాయని నన్ను సాధించేవారు. పడవెక్కాక మాత్రం తొందరేముంది, మెల్లగా పోనీ అనేవారు.

వాళ్లనైనా భరించాను గాని, మా మామను భరించడం నా వల్ల కాలేదు.

మామ చెడ్డవాడు కాదు. చీమకు కూడా దారి ఇచ్చే మనిషి. కానీ నీళ్ల మీద ఉన్నంతసేపు ఆయన 'లేదు' అన్న మాట అనడు. వాళ్ల నాయిన అనలేదట, వాళ్ల తాత అనలేదట. ఇంట్లో ఆడవాళ్లు బియ్యం అయిపోతే లేవని అనరు, నిండుకున్నాయంటారు. అది అన్ని ఇళ్లలో ఉన్నదే, మా అత్త కూడా అలాగే అనేది. ఆ మర్యాద బియ్యపు కుండ దగ్గర ఆగిపోతే ఎవరికీ బాధ ఉండేది కాదు. మామ దాన్ని చెరువంతా పరిచాడు. తాడు తెగి ముక్క మిగలకపోతే తాడు నిండుకుంది. చేపలు పడకపోతే చేపలు నిండుకున్నాయి. అన్నిటికంటే ఘోరం, గాలి పడిపోతే గాలి నిండుకుంది.

తెలుగు ఇంటి భాషగా ఉన్నవాళ్లకు ఇది అర్థమయ్యేదే. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఉర్దూ తప్ప రాదు. వాళ్లతో నాకు ఇబ్బంది లేదు, నేనే ఉర్దూలో చెప్పేవాణ్ణి. పనివాళ్ల దగ్గర నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకుని, మధ్యలో మనిషి ఎందుకని నేరుగా మామతో మాట్లాడేవాళ్లుండేవారే, వాళ్లతోనే నా తల ప్రాణం తోకకొచ్చేది. గాలి ఎట్లుంది అని ఒడ్డున నిలబడి అడిగేవారు. మామ పడవలో నిలబడి, తెరచాప వంక దిగులుగా చూసి, గాలి నిండుకుంది దొరా అనేవాడు. నిండుగా ఉందట అని సంబరపడి అందరూ ఎక్కేవారు. నడిచెరువులో తెరచాప తడిగుడ్డలా వేలాడేది. ఇక తెడ్డు నాది, తిట్లు నావి, సాయంత్రానికి అరచేతుల్లో బొబ్బలు నావి.

అలాంటి ఒక రోజు ఒడ్డుకు చేరాక ఆయన్ను నిలదీశాను.

"గాలి లేదని చెప్పరాదు మామా? ఒక్క మాట. వాళ్లు ఎనక్కి మర్లి పోతరు, నేను బతుకుత."

"నీళ్ల మీద గా మాట అనొద్దు అల్లుడా."

"అంటె ఏమైతది?"

"అన్నోళ్లెవరున్నరు చెప్పనీకి?"

అయితే ఒడ్డుకు దిగి చెప్పమన్నాను. మనుషులు ఎక్కుతుంటే పడవ నడిపే సరంగు దిగుతాడా అని నన్నే ఎదురడిగాడు. గోడకు చెప్పుకున్నా ఇంతకంటే నయం అనుకుని ఎడ్లను బండికి కట్టడానికి పోయాను.

ఆ రోజు నడిచెరువులో ఎండకు మాడినవాళ్లు ఊరుకోలేదు, జాగీర్దారుకు ఫిర్యాదు చేశారు. జాగీర్దారు మున్షీ సైకిలు మీద వచ్చాడు. కట్ట మీద నిలబడి, "ఇంకొక్క షికాయత్ వస్తే పడవను పట్నం చెరువుకు తీస్కపోతం, జాగ్రత్త" అన్నాడు. మామ గంగిరెద్దులా తలూపాడు. ఆ పూట అన్నం ముందు కూర్చున్నాడు గాని ముద్ద నోట్లో పెట్టలేదు.

పడవ పోతే మేం పస్తులుండేవాళ్లం కాదు. పొలం ఉంది, దాన్ని నేను చూసుకుంటున్నాను. పోయేది మామ. నేల మీద ఆయన ఎందుకూ కొరగాడు. నాగలి పడితే సాలు వంకర పోతుంది, సంతకు పంపితే తెమ్మన్నది మరిచి వస్తాడు, ఎవరైనా గట్టిగా మాట్లాడితే నీళ్లు నములుతాడు. అదే మనిషి పడవలో నిలబడి తెరచాప తాడు పట్టుకుంటే నడుము నిటారుగా అయ్యేది, గొంతు మారేది. మా అత్త ఆ రోజు నాతో, "పడవ పోతే గీ మనిషిని ఇంట్ల పెట్టుకొని ఏం జేసుకోవాలె బిడ్డా" అంది. విసుగ్గానే అంది. కళ్లు మాత్రం కొంగుతో తుడుచుకుంది.

తర్వాత వచ్చినవాళ్లలో ఒక పెద్ద ఆఫీసరు ఉన్నాడు. ఆయన, బేగం, బేగం అక్క. స్టేషన్లో దిగగానే, "నాకు తెలుగు మస్తు వస్తది" అని నాతో అన్నాడు. నా గుండెలో రాయి పడింది.

నిజం చెప్పాలంటే ఆ రోజు గాలి బాగానే వీచింది. పడవ హాయిగా వాగు కలిసే మూల దాకా పోయింది. అక్కడ లోతు తక్కువ, నీడ కూడా ఉంటుంది. లంగరు వేసి వాళ్లు తెచ్చుకున్న కబాబులు తిన్నారు. ఈ ఒక్క పూట గండం గడిచిందని నేను తెడ్డు పక్కన పెట్టి కాళ్లు చాపాను. అప్పుడు బేగం నీళ్లడిగింది. మామ కూజా ఎత్తి, వంచి, ఊపి చూశాడు. చుక్క రాలేదు. ఆఫీసరు అటు వీపు పెట్టి కూర్చున్నాడు కనుక కూజా సంగతి ఆయన చూడలేదు. మామ గొంతు మాత్రం విన్నాడు.

"నీళ్లు నిండుకున్నయి దొరా."

ఆఫీసరు అదిరిపడి లేచి, పడవలో నీళ్లు నిండాయని ఉర్దూలో ఆడవాళ్లకు చెప్పాడు. ఇద్దరూ కెవ్వుమని ఆయన వైపే వచ్చారు. ముగ్గురూ ఒకే పక్కకు చేరితే పడవ ఊరుకుంటుందా, ఒరిగింది. ఆడవాళ్లను నేను పట్టుకున్నాను. ఆఫీసరు షేర్వాణీతో సహా నీళ్లలో పడ్డాడు. పడ్డవాడు లేచి నిలబడితే నీళ్లు నడుము దాకా కూడా రావు. నిలబడడే. కళ్లు మూసుకుని చేతులు కొడుతున్నాడు.

మామ వంగి, "కాళ్లు కిందికి పెట్టు దొరా, నేల ఆడనే ఉంది" అంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. "లోతు లేదు సాబ్, నిలబడుండ్రి" అని అరిచాను. ఆయన వెంటనే నిలబడ్డాడు. మామ ఆయన్ను చూడలేదు, నన్ను చూశాడు. మనిషి పడ్డప్పుడు బెదరనివాడు ఇప్పుడు బెదిరాడు.

"అననే అంటివి" అన్నాడు.

రెండు రోజులకే మున్షీ వచ్చాడు. ఈసారి వెంట మనుషులున్నారు. మామ పడవలోకి ఎక్కి కూర్చున్నాడు, దిగమంటే దిగడు. దిగితే లాక్కుపోతారని ఆయన భయం.

"పడవల నీళ్లు నిండినయని ఆఫీసర్ సాబు రాసిండు. అవునా, లేదా? ఒక్క మాటల చెప్పు" అన్నాడు మున్షీ.

మామ చెప్పాల్సిన జవాబు ఆ 'లేదు' అన్న మాటే, మున్షీ దాన్ని పలికి మరీ అందించాడు. మామ నా వైపు చూశాడు.

"చెప్పు మామా" అన్నాను.

"నీళ్ల మీద ఉన్న అల్లుడా."

"అయితె దిగి చెప్పు."

"దిగితె పడవ పోతది."

మున్షీ మళ్లీ అడిగాడు. మామ ఎంతో వినయంగా, "నీళ్లు పడవ బయటనే ఉన్నయి సాబ్" అన్నాడు. వెక్కిరిస్తున్నాడనుకుని మున్షీ ముఖం కందగడ్డలా అయింది. నేను అడ్డం వెళ్లి ఉర్దూలో చెప్పడం మొదలుపెట్టాను. కూజా ఖాళీ అయింది సాబ్, ఖాళీ అయితే మేం నిండింది అంటాం. ఖాళీ అయితే నిండింది అంటారా అన్నాడు మున్షీ. అవును సాబ్ అన్నాను. మరి నిండితే ఏమంటారు అన్నాడు. నిండితే కూడా నిండింది అనే అంటాం అన్నాను. నా చెవులకే అది పిచ్చివాడి మాటలా వినిపించింది. బియ్యం సంగతి, కుండ సంగతి, ఆడవాళ్ల సంగతి చెప్పబోయాను. చెప్పినకొద్దీ గొయ్యి లోతైంది. "పడవ కారితె పడవ బాగలేనట్టు, కారకపోతె సరంగు బాగలేనట్టు. ఎట్లైనా మెహమాన్లను దీన్ల ఎక్కియ్యం" అని మున్షీ తన మనుషులకు చెయ్యి ఊపాడు.

మామను నేనే చెయ్యి పట్టుకుని దించాను. తెరచాప కొయ్య విప్పి, రెండు బండ్లు జతచేసి, పడవను వాటి మీద ఎక్కించారు. మామ కట్ట చివరిదాకా పడవ మీద చెయ్యి వేసి నడిచాడు. అక్కడ ఆగిపోయాడు.

ఆ ఆదివారం నాకు స్టేషన్ పని లేదు. అయినా అలవాటుకొద్దీ ఎడ్లను కడగడానికి చెరువుకు తోలుకొచ్చాను. పడవ కట్టే రాయి దగ్గర మామ మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు, పనేమీ చేయడం లేదు. అంతలో సంగతి తెలియని ఒక కుటుంబం జట్కాలో వచ్చి దిగింది. బుట్టలూ గొడుగులూ తీసుకుని కట్ట దిగారు. వాళ్లలో పెద్దాయన మంచి తెలుగులోనే అడిగాడు, పడవ ఉందా అని.

ఇప్పుడు ఈయన ఏం చెబుతాడోనని నా ప్రాణం విసిగింది. పడవ నిండుకుందంటాడు, వీళ్లు బుట్టలు పరుచుకుని సాయంత్రం దాకా కూర్చుంటారు. ఎడ్లను వదిలేసి గబగబా అటు నడిచాను.

నేను చేరకముందే మామ తలెత్తి, "లేదు" అన్నాడు.

వాళ్లు ఇంకేమీ అడగలేదు. ఆ ఒక్క మాటకే, నేను ఎప్పుడూ చెబుతూ వచ్చినట్టే, వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.