సీసా మీద ‘గు’

శవపరీక్షల ల్యాబులో పంతొమ్మిదేళ్లుగా రక్తాలు పరీక్షిస్తున్న పెద్దకోడలు, అదే ల్యాబులో తోడికోడలికి ఉద్యోగం వేయించి కొరివితో తల గోక్కుంది. అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఈవిడ తోడికోడలు పాపం నవ్వేది కూడా కాదు, “అక్కా, అక్కా” అంటూ వెనకే తిరిగేది. అదే ఇంకా మంట.

ఇంట్లో అత్తగారికి చిన్నది వడ్డిస్తేనే అన్నం సయిస్తుంది. ఇక్కడ డాక్టరుగారికి చిన్నది రాస్తేనే రిపోర్టు. “వెతికినా ఒక్క తప్పు దొరకదు” అని ఆయన అందరి ముందూ మెచ్చుకున్న రోజున పెద్దకోడలికి ముద్ద దిగలేదు. పని నేర్పిందెవరు? సీసా మీద ఆ ఒక్క అక్షరం రాయడం నేర్పిందెవరు?

గుండె దగ్గర తీసిన రక్తమైతే ‘గు’, తొడలో తీసిందైతే ‘తొ’. మనిషి పోయాక కాలేయంలో దాగున్న చక్కెర కరిగి గుండె వైపు చేరుతుంది. ఆ రక్తంలో షుగరు చూస్తే లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే షుగరు కోసం కంటి లోపలి నీరు చూడాలి. ఈ మాట చిన్నదానికి వందసార్లు చెప్పింది.

నెలాఖరుకు ల్యాబుకు ఇన్‌ఛార్జిని వేస్తారు. ఆ కుర్చీ కూడా చిన్నదానికే పోతుందని పెద్దకోడలికి బెంగ.

ఒకరోజు పొద్దున బల్ల మీద ఒక రిపోర్టు కనబడింది. గోడలకు రంగులు వేసే మనిషి, పనిలో ఉండగానే కూలిపోయాడు. రక్తంలో చక్కెర విపరీతం, మధుమేహం వల్ల మరణం అని రాసి చిన్నకోడలు సంతకం పెట్టింది. పక్కనున్న సీసా మీద ‘గు’.

పెద్దకోడలు రెండుసార్లు చూసుకుంది. కడుపు చల్లబడింది. ఒక్క మాట అంటే తప్పు దిద్దుకునేదే. అనలేదు. డాక్టరుగారి చేతనే చీవాట్లు తిననీ అనుకుని తన పనిలో పడింది.

డాక్టరుగారు చిన్నదాని రిపోర్టే కదా అని చదవకుండా సంతకం చేశారు. గుమాస్తా వెళ్లి వరండాలో ఉన్న ఆ పోయినతని భార్యకు షుగరు వల్లేనని చెప్పేశాడు.

మూడింటికి మంచినీళ్లకని వచ్చిన పెద్దకోడలికి బెంచీ మీద ఆవిడ కనిపించింది.

“షుగరంటమ్మా,” అందామె, ఎవరో ఒకరికి చెప్పుకోవాలన్నట్టు. “నాకేం తెలుసు? రోజూ టీలో మూడు చెంచాలు వేసిచ్చేదాన్ని. ఇంకోటి వెయ్యవే అంటే అదీ వేసేదాన్ని. నా చేత్తో నేనే చంపుకున్నాను.”

పెద్దకోడలు గ్లాసు అక్కడే పెట్టేసి లోపలికి నడిచింది. “డాక్టరుగారూ, ఆ షుగరు చూసింది గుండె రక్తంలో అండి. రిపోర్టు తప్పు.”

చిన్నకోడలు ఫ్రిజ్ దగ్గరికి పరిగెత్తింది. కంటి నీరు తీసి చూస్తే షుగరు మామూలుగానే ఉంది. తొడ రక్తంలో మాత్రం అలర్జీ గుర్తులు మెండుగా ఉన్నాయి. మళ్లీ వెతికితే చెవి వెనక, జుట్టు కింద, కందిరీగ కుట్టిన బొడిపె దొరికింది.

“సీసా మీద ‘గు’ ఇప్పుడే చూశారా?” అని పెద్దకోడలిని అడిగారు డాక్టరుగారు.

“ఆఁ, ఇప్పుడేనండి.”

“ఇన్‌ఛార్జిగా మీ పేరే పంపిస్తాను.”

చిన్నకోడలు చెయ్యి పట్టుకుంది. “నువ్వు చూడబట్టి సరిపోయింది అక్కా. లేకపోతే నా గతేమయ్యేది?” ఇన్నాళ్లుగా వినాలనుకున్న మాటలన్నీ ఒక్కపూటే వినబడ్డాయి. పెద్దకోడలికి ఒక్కటీ రుచించలేదు.

ముగ్గురూ వరండాలోకి వెళ్లారు. కందిరీగ సంగతి, తప్పు పట్టుకున్నది పెద్దకోడలేనని డాక్టరుగారే నెమ్మదిగా చెప్పారు. ఆవిడ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. తరవాత పెద్దకోడలి వైపు తిరిగింది.

“పొద్దుటి నుంచీ నేనే చంపాననుకుంటున్నానమ్మా. షుగరు కాదని మీకెప్పుడు తెలిసింది?”

పక్కనే డాక్టరుగారు, చిన్నకోడలు.

“పొద్దున్నే తెలుసమ్మా,” అంది పెద్దకోడలు.