చెరువు కావలి

వర్తూరు దగ్గరి రక్షిత చెరువుకు ఆవులప్ప కావలి. ఖాకీ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, నీటివైపు ఎవరు అడుగేసినా ఈల వేస్తాడు. రెండేళ్ళుగా చెరువులో నీళ్ళు లేవు, అయినా వేస్తూనే ఉన్నాడు. మొన్న నెల రోజుల వానంతా ఒక్క పూటలో కురిసింది. ఆ నీళ్ళు చెరువుకు చేరలేదు. పాత కాలువను పూడ్చి కట్టిన అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నిలిచాయి. అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ అమరనాథ్ ఆవులప్పకు ఫోన్ చేశాడు. "మీ చెరువు మా బేస్‌మెంట్‌లో ఉంది, వచ్చి తీసుకుపో." ఆవులప్ప కుర్చీతో సహా వెళ్ళి బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చున్నాడు. అమరనాథ్ కారు కోసం ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగబోతే ఈల వేశాడు.

"నా కారయ్యా అది."

"కారు మీదే సార్. చెరువు సర్కారుది. ఈడ దిగేకి లేదు."

అమరనాథ్ ఆటో కోసం పైకి వెళ్ళిపోయాడు. ఆవులప్ప అటూ ఇటూ చూసి, చెప్పులు విడిచి, రెండు పాదాలూ మెల్లగా నీళ్ళలో పెట్టాడు.