లాగకూడని తాడు

ఆ పాలిటెక్నిక్‌లో తాడు మాస్టారంటే తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తెలిస్తే చాలు, మిగతావాళ్ళకి దాంతో పనేముంది? క్లాసురూములో పిల్లల తలల మీదుగా, వెనక గోడ నుంచి నల్లబల్ల దాకా ఒక నైలాన్ తాడు కట్టించారాయన. తాడు చివర ఒక గంట. పాఠంలో ఎక్కడ అర్థం కాకపోయినా, ఎక్కడ తప్పు కనబడినా, ఎవరైనా సరే చెయ్యెత్తి తాడు లాగొచ్చు. గంట మోగిందా, మాస్టారు నోట్లో మాట నోట్లోనే ఆపెయ్యాలి. ముందు "థాంక్సమ్మా" అనాలి. ఆ తర్వాతే "ఏమైంది?" అని అడగాలి. ఈ రూలు ఆయనకి ఎవరూ పెట్టలేదు, ఆయనకి ఆయనే పెట్టుకున్నారు.

పిల్లలు ఊరుకుంటారా? మొదటి వారమంతా దాహమేస్తే గంట, కిటికీలో కాకి వాలితే గంట. అన్నిటికీ ఆయన థాంక్స్ చెప్పారు. స్టాఫ్‌రూములో ఒకటే నవ్వులు. "ఏం మాస్టారూ, గేదె మెడలో ఉండాల్సింది మీ నెత్తిమీదకి వచ్చిందేంటి?" అంటే ఆయన కూడా నవ్వేసి, "నవ్వండి నవ్వండి, మీ క్లాసులో అర్థంకానివాడు నిద్రపోతాడు, నా క్లాసులో గంట కొడతాడు, అంతే తేడా" అనేవారు.

ఆయన చెప్పే సబ్జెక్టు, ఫ్యాక్టరీలో సరుకు తొందరగా, తప్పుల్లేకుండా ఎలా తయారుచెయ్యాలి అన్నది. పుస్తకంలో చదివితే ఆవలింతలొచ్చే పాఠం. ఆయన పుస్తకం ముట్టేవారు కాదు. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి కాగితం పెట్టెలు చేయించేవారు. ఒకళ్ళు మడవాలి, ఒకళ్ళు జిగురు రాయాలి, ఒకళ్ళు మూత పెట్టాలి. మొదట కట్టలు కట్టలుగా పక్కవాళ్ళకి తొయ్యమనేవారు. మొదటివాడు మడత తప్పు వేశాడని చివరివాడికి తెలిసేసరికి కట్టంతా చెత్తబుట్ట పాలు! అప్పుడు ఒక్కొక్కటిగా అందించమనేవారు. మొదటి పెట్టెలోనే తప్పు దొరికిపోయేది, పైగా పని ముందే అయిపోయేది. "చూశారా? తప్పుని పుట్టినచోటే పట్టుకోండర్రా. పక్క బల్లకి పోనిచ్చారో, అక్కడ సంసారం పెట్టి పిల్లల్ని కంటుంది" అనేవారు. క్లాసు గొల్లుమనేది. పాఠం మాత్రం జన్మలో మరిచిపోయేవాళ్ళు కాదు.

ఈ తాడు పిచ్చి ఊరికే పట్టలేదు. ఉద్యోగంలో చేరకముందు ఆయన ఒక రేకుల ప్రెస్సులో పనిచేశారు. అక్కడ ఒక మిషనుకి చేతికడ్డంగా ఉండే జాలీ వదులైపోయింది. షెడ్డులో అందరూ చూశారు. ఎవరికి వారు, చెప్పేవాళ్ళు ఎవరో చెప్తారులే అనుకున్నారు. ఒక మధ్యాహ్నం ఆ మిషను ఆయన బావ అరచెయ్యి తీసుకుపోయింది. అక్క అప్పటికి పెళ్ళై ఏడాది కూడా కాలేదు. ఆసుపత్రి వరండాలో అక్క ఏడుపు విన్నవాడు, తప్పు చూసి నోరు మూసుకోమని ఎవరికైనా ఎలా నేర్పుతాడు చెప్పండి!

ఇక చీమ సంగతి. పిల్ల పొట్టిగా ఉంటుంది, ఎప్పుడూ ఏదో ఒకటి మోసుకుంటూ తిరుగుతుంది, అందుకని ఆ పేరు. అందరికంటే ఎక్కువసార్లు తాడు లాగింది అదే, అందుకోసం బెంచీ ఎక్కాల్సి వచ్చినా సరే. ఒకసారి పైనుంచి తనిఖీకి పెద్దాయన వచ్చి వెనక కూర్చున్నారు. మాస్టారు నల్లబల్ల మీద లెక్క వేస్తున్నారు. గణగణా గంట! "సార్, రెండో లైన్లో భాగించాలి, మీరు గుణించారు" అంది. తనిఖీ పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నారు. మాస్టారి మొహం మాత్రం వెలిగిపోయింది. ఇంటికొచ్చి భార్యకి పొంగిపోతూ చెప్పారు. ఆవిడ కూర కలుపుతూ, "ఆ పిల్ల మీ తప్పు పట్టుకుంటే మీకింత సంబరమా! నేను పట్టుకుంటే మాత్రం రెండు రోజులు మూతి ముడుచుకుంటారు" అంది. "నువ్వు గంట కొట్టవు కదే, నేరుగా నెత్తిన కొడతావు" అన్నారాయన.

చదువైపోగానే చీమకి మడత నిచ్చెనలు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అక్కడ ప్రొడక్షన్ మేనేజరు మాస్టారి మొట్టమొదటి బ్యాచ్ కుర్రాడే. ఆ క్లాసులో మొట్టమొదటిసారి తాడు లాగింది కూడా అతనే. ఫోన్ చేసి మరీ, "సార్, మీ దగ్గర చదివిన పిల్లలే కావాలి నాకు" అన్నాడు. చీమ పని, మడత దగ్గర రెండు ముక్కల్నీ కలిపి కొట్టిన రివెట్లు గట్టిగా పట్టుకున్నాయో లేదో చూడటం. వాళ్ళమ్మ ఇంట్లో బట్టలు కుట్టేది. కళ్ళు మసకలొచ్చి సూదిలో దారం ఎక్కించలేని రోజులొచ్చాయి. అంటే ఆ ఇల్లు ఇప్పుడు చీమ భుజం మీదే ఉందన్నమాట.

రెండో నెల తిరక్కుండానే మేనేజరు మళ్ళీ ఫోన్ చేశాడు. "సార్, ఒకసారి రాగలరా? మన అమ్మాయి తాడు లాగి లైను ఆపేసింది."

"ఆపిందా! శభాష్!" అని కుర్చీలోంచి లేచిపోయారు మాస్టారు.

"మీరు రండి సార్" అన్నాడతను, నీరసంగా.

బస్సులో ఉండగానే చీమ వాళ్ళమ్మ ఫోను. "మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను. దాన్ని ఇంటికి పంపించేస్తారట. అది మీ మాట తప్ప ఎవరి మాటా వినదు. మీరే ఎలాగైనా సర్ది చెప్పండి బాబూ" అంటూ ఏడ్చేసింది. ఆయన "అలాగేనమ్మా, అలాగే" అని పెట్టేశారు.

ఫ్యాక్టరీలో అడుగుపెట్టగానే ఆయన కళ్ళు పైకే వెళ్ళాయి. లైను పొడుగునా పసుప్పచ్చ తాడు, నిగనిగలాడుతూ. అద్దాల గదిలో మేనేజరు లేచి నిలబడి కుర్చీ చూపించాడు, పాత అలవాటు ప్రకారం గురువుగారు కూర్చునేదాకా తను కూర్చోలేదు.

"తాడు కట్టించింది నేనే సార్. మీ పాఠం గుర్తుపెట్టుకునే కట్టించాను. కొత్తలో అందరూ లాగారు. లాగినప్పుడల్లా లైను ఆగింది, ఆగినప్పుడల్లా ఓనరు గారు నన్ను నిలబెట్టి అడిగారు. మెల్లగా లాగడం మానేశారు. ఇప్పుడు సరుకు కొనేవాళ్ళు చూడ్డానికొస్తారు, తాడు చూసి మెచ్చుకుంటారు, వెళ్తారు. మొన్న ఈ పిల్ల లాగేదాకా, లాగితే లైను ఆగుతుందని నేనే మర్చిపోయాను."

"ఎందుకు లాగింది?"

"రివెట్లు పొట్టివొచ్చాయని."

"పొట్టివేనా?"

అతను తలుపు వైపు చూశాడు. వేసే ఉంది. "పొట్టివే సార్" అన్నాడు. "సరుకు కోసం లారీ అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉంది. ఓనరు గారు పంపించెయ్యమన్నారు. ఆ నిచ్చెనలే ఎక్కించి పంపించేశాను."

మాస్టారికి ఒళ్ళు మండింది. "మనుషులు ఎక్కుతార్రా వాటి మీద!" అని అరిచారు. ఇరవైయేళ్ళ తర్వాత శిష్యుణ్ణి మళ్ళీ 'రా' అన్నారు. అతను నొచ్చుకోలేదు. తల దించుకుని, "తెలుసు సార్. నాకూ ఇద్దరు పిల్లలున్నారు" అన్నాడు. ఆ ముక్కతో మాస్టారి కోపం కూడా చల్లబడిపోయింది. తిట్టడానికి ఎదురుగా దుర్మార్గుడైనా లేకపోతే మనిషేం చేస్తాడు?

మేనేజరు అసలు సంగతి మెల్లగా చెప్పాడు. సరుకు బాగోలేదని లైనంతా అనుకుంటోంది. అందుకని చీమ అందరి ముందు నిలబడి, రివెట్లు బాగానే ఉన్నాయి, నేనే తప్పు చూశాను అని ఒక్క మాట అనాలి. అంటే ఉద్యోగం ఉంటుంది. అనకపోతే ఈ సాయంత్రమే ఇంటికి. అంతేకాదు, ఇక మీదట మీ పాలిటెక్నిక్ నుంచి ఎవర్నీ తీసుకోవద్దని ఓనరు గారి మాట. "నేను చెప్తే మొండికేసింది సార్. మా మాస్టారొచ్చి చెప్తే అప్పుడు చూద్దాం అంది."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. పెద్దగా కేకలేసి బయటికి నడిస్తే ఆయనకేం పోదు, ఆయన జీతం ఆయనకొస్తుంది. పోయేది ఆ పిల్ల ఇల్లు. ఆ తర్వాత వచ్చే పిల్లల ఉద్యోగాలు. పోనీ ఎవరికైనా చెప్దామా అంటే, లారీ వెళ్ళిపోయింది, ఎటు వెళ్ళిందో కూడా ఈయనకి తెలీదు.

క్యాంటీను బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని ఉంది చీమ. ఆయన్ని చూడగానే మొహం విచ్చుకుంది. "వచ్చేశారా సార్! నేను చెప్తూనే ఉన్నాను వీళ్ళకి, మా సారొస్తే అన్నీ తేలిపోతాయని" అంటూ గుప్పిట తెరిచి రివెట్టు చూపించింది. "చూడండి సార్, అంచు మడతే పడట్లేదు."

చేతిలోకి తీసుకుని చూశారు. చిన్నపిల్లాడు చూసినా తెలిసిపోతుంది. "అమ్మా..." అన్నారు. ఆ తర్వాత ఏదో అన్నారు, మీ అమ్మ కళ్ళ గురించి, జూనియర్ల గురించి, లోకం తీరు గురించి. ఆయన మాటలు ఆయనకే పరాయిగా వినబడుతున్నాయి.

చీమ మొహంలో నవ్వు ఎటుపోయిందో పోయింది. "అయితే నేను చేసింది తప్పా సార్?"

"తప్పు కాదు."

"మరి తప్పని చెప్పమంటున్నారు."

"అవునమ్మా."

కాసేపు బల్ల మీద వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. "మీరు చెప్పమంటే చెప్తాను సార్" అంది చివరికి.

వద్దనాలని ఉంది మాస్టారికి. "చెప్పెయ్యమ్మా" అన్నారు.

లైను ఆపి అందర్నీ పిలిచారు. దీనికి మాత్రం ఆపొచ్చు చూడండి! చీమ ఒక స్టూలు ఎక్కి నిలబడింది, వెనకవాళ్ళకి కనబడాలిగా. "రివెట్లు బాగానే ఉన్నాయి. నేనే సరిగ్గా చూసుకోలేదు" అంది. గొంతు వణకలేదు, చివరి వరసదాకా వినబడేలా ఎలా మాట్లాడాలో ఆయనే నేర్పారు మరి. ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు గోడకి ఆనుకుని నిలబడి, నేల మీద వేసిన పసుపు గీతల్ని చూస్తూ ఉండిపోయారు.

ఆ రాత్రి భార్య అడిగింది, పిల్ల ఉద్యోగం నిలబడిందా అని. "నిలబడింది" అన్నారు. "మరి అలా ఉన్నారేం?" అంటే అన్నం కెలుకుతూ కూర్చున్నారు. ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.

ఏడాది తిరిగేసరికి చీమ లైను సూపర్‌వైజరైంది. చురుకైన పిల్ల, ఎక్కడున్నా పైకొస్తుంది. వాళ్ళమ్మకి కళ్ళ ఆపరేషను చేయించింది. మాస్టారికి స్వయంగా ఫోన్ చేసి, కొత్త బ్యాచ్‌ని ఫ్యాక్టరీ చూడ్డానికి తీసుకురమ్మంది. గొంతులో ఎక్కడా కోపం లేదు. ఉంటే బాగుండేది అనిపించిందాయనకి.

నీలం టోపీ పెట్టుకుని తనే ముందు నడుస్తూ పిల్లలకి అన్నీ చూపించింది. రేకు ఎక్కడ కోస్తారు, మెట్టు ఎక్కడ బిగిస్తారు, నిచ్చెనలు ఒక్కొక్కటిగానే ఎందుకు ముందుకెళ్తాయి. ఎంత బాగా చెప్పిందనుకున్నారు! పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. మడత బిగించే చోట కొత్త బ్యాచ్ పిల్ల ఒకత్తె ఆగిపోయింది. ఎదురుగా వెళ్తున్న నిచ్చెనకి ఒక మెట్టు వంకరగా ఉంది. ఆ పిల్ల చెయ్యి దానంతటదే తాడు మీదకి వెళ్ళింది.

చీమ గబుక్కున వచ్చి ఆ మణికట్టు పట్టుకుంది. "దాన్ని ముట్టుకోకూడదమ్మా, అది చూడ్డానికే" అంది మెత్తగా, చెల్లెలికి చెప్పినట్టు.

ఆ పిల్ల చెయ్యి దించకుండానే మాస్టారి వైపు తిరిగింది. "సార్, మెట్టు వంకరగా ఉంది కదా?"

ఉంది. ఆయనకీ కనబడుతోంది. చీమకీ కనబడుతోంది. చీమ కూడా ఆయన వైపే చూస్తోంది, ఏమంటారో వినాలని. నిచ్చెన మెల్లగా పక్క బల్ల దాటుతోంది.

"పదండమ్మా, బస్సుకి టైమవుతోంది" అన్నారు మాస్టారు.

ఆ పిల్ల చెయ్యి దించేసింది. చెప్పిన మాట వినే పిల్ల, పాపం.